అక్కకు ట్యాబా, ల్యాప్‌టాపా?

కైరవాన్,
జనవరి 9.

సముద్రపు గాలి పీల్చుకుంటూ సుఖంగా ఉన్న చెల్లెలు షెద్లియాకు, మల్లెమొగ్గల్లాంటి తలపులన్నీ ఈ కాగితంలో మడిచి అక్క మన్నూబియా పంపుతున్న ఉత్తరం.

ఇక్కడ చలి వెన్నెల కత్తిలా కోస్తున్నది. అయినా నా ఆరోగ్యం నిండుకుండలా ఉంది, అల్హందులిల్లా.

విషయం ఏమిటంటే, ఈ ఏప్రిల్‌కి నేను మగ్గం ముందు కూర్చుని యాభై ఏళ్ళు నిండుతాయి. తివాచీ సంఘంలో ఆడవాళ్ళందరూ కలిసి నాకు ఏదో బహుమతి ఇస్తామంటున్నారు. మొదట వెండి పళ్ళెం అన్నారు. తోముకోవడం తప్ప దాంతో నాకేం పని అన్నాను. మా వసీలా లేచి, "అయితే అక్కా, ట్యాబ్ తీసుకుంటావా, సన్నపాటి ల్యాప్‌టాప్ తీసుకుంటావా? ఈ రోజుల్లో అందరి దగ్గరా ఏదో ఒకటి ఉంటోంది" అంది. ఏప్రిల్ లోపల ఏదో ఒకటి తేల్చి చెప్పాలట.

నాకు పెద్ద పనులేం లేవని నీకు తెలుసు. పెళ్ళి కూడా మగ్గంతోనే అయిపోయినదాన్ని. సాయంత్రం పూట సీరియల్ చూసుకోవడం, నేసిన తివాచీల ఫోటోలు దాచుకోవడం, వంటలు చూడడం, అంతా కాలక్షేపమే. దానికి ట్యాబే చాలునని నా మనసు చెప్తోంది. ఒళ్ళో పెట్టుకోవచ్చు, పడుకుని చూడొచ్చు. కానీ ముప్ఫై ఏళ్ళు టైపు మిషన్ల మధ్య బతికినదానివి నువ్వు. నీ మాట వినకుండా నిర్ణయించుకుంటే తప్పవుతుందని రాస్తున్నాను.

ఒక పొట్లం మక్రూద్ మిఠాయి పంపుతున్నాను. ఖర్జూరం ఈసారి బాగా కుదిరింది. మీ ఆయన ఒక్కడే తినేయకుండా చూసుకో.

నీ అక్క,
మన్నూబియా


సఫాకిస్,
జనవరి 20.

అక్కా,

ముందు ఆ మల్లెమొగ్గలు ఆపు. వెన్నెల కత్తి ఏమిటి? చలిగా ఉందంటే నాకు అర్థం కాదా? నువ్వు నోటితో ఎప్పుడూ అలా మాట్లాడవు, కలం పట్టుకుంటే మాత్రం నీకు పూనకం వస్తుంది.

ఇక అసలు సంగతి. ల్యాప్‌టాప్. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

ట్యాబ్ కిటికీ లాంటిది. ముందు కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూడొచ్చు. ల్యాప్‌టాప్ మగ్గం లాంటిది, ముందు కూర్చుంటే ఏదో ఒకటి తయారవుతుంది. మా పక్కింటావిడ పోయినేడు ట్యాబ్ కొంది. మూడు రోజులు వంటలు చూసింది, నాలుగో రోజు మనవలు లాక్కున్నారు, ఇప్పుడు అద్దం సాలెగూడులా పగిలి సోఫా కింద ఉంది. నిలబెట్టాలంటే వెనకాల చక్కెర డబ్బా పెట్టాలి. నాలుగు మాటలు రాయాలంటే అద్దం మీద వేలితో ఒక్కొక్క అక్షరమే పొడుచుకోవాలి, కోడి గింజలేరినట్టు. ఇప్పటి ల్యాప్‌టాపులు బరువని కూడా అనకు. నువ్వు పంపిన మక్రూద్ పొట్లం అంతకంటే బరువుంది.

సీరియళ్ళు అందులోనూ వస్తాయి. ఫోటోలూ దాగుతాయి. పైగా కీబోర్డు ఉంటుంది. నీ వేళ్ళని నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ముడి మీద ముడి వేస్తూ, కళ్ళు ఎక్కడో పెట్టుకుని, నన్ను తిట్టేదానివి. వేళ్ళు మాత్రం ఆగేవి కావు. నా క్లాసులో ముప్ఫై ఏళ్ళలో అలాంటి వేళ్ళు నాకు దొరకలేదు. నీ మగ్గం సంపాదనతో నన్ను టైపు బడిలో చేర్పించావు. చేరాల్సింది నువ్వే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇంకో మాట. ల్యాప్‌టాప్ ఉంటే మనిద్దరం రోజూ రాసుకోవచ్చు. పోస్టువాడి దయ కోసం పది రోజులు కూర్చోనక్కర్లేదు. నాకు అది కావాలి అక్కా.

మక్రూద్ మా ఆయనే తినేశాడు.

నీ షెద్లియా


కైరవాన్,
ఫిబ్రవరి 3.

వాదనలో వకీళ్ళను మించిపోయిన నా చెల్లెలికి, మందారంలా ఎర్రబడిన ముఖంతో అక్క రాయునది.

పూనకమని వెక్కిరించావు. సరే. నేను నిన్న బజారుకి వెళ్ళి కళ్ళారా చూసి వచ్చాను. కొట్లో కుర్రాడు ట్యాబ్ చేతిలో పెట్టాడు. పావురం అంత తేలిగ్గా ఉంది. అందులో ఒకచోట వేలు నొక్కి పట్టుకుని మాట్లాడితే, మన గొంతు అట్లాగే అవతలి వాళ్ళకి వెళ్ళిపోతుందట. రాసే పనే లేదు. నేను "షెద్లియా, బాగున్నావా" అన్నాను. వాడు మళ్ళీ వినిపించాడు. నా గొంతు నాకే ముద్దొచ్చింది. రోజూ రాసుకోవడమెందుకు చెప్పు, రోజూ నా గొంతు నీకు పంపుతాను. ఆలివ్‌లు ఏరుతూ వినొచ్చు, కూర కలుపుతూ వినొచ్చు.

నీతో ఫోన్లో మాట్లాడడం కంటే అదే నయం. పండక్కి ఫోన్ చేసి, నా పక్కన ముప్ఫై ఏళ్ళు ఒకే మగ్గం మీద కూర్చున్న జొహ్రా పోయిందని చెప్పాను. నువ్వేమన్నావో గుర్తుందా? "చాలా సంతోషం, నా తరఫున ముద్దులు పెట్టు" అన్నావు. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. నీతో ఫోన్లో మాట్లాడితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటోంది. నీ మనసు ఎక్కడుందో.

ఆ కొట్టు కుర్రాణ్ణి ల్యాప్‌టాప్ గురించీ అడిగాను. వాడు నా మెహందీ వేళ్ళ వైపు, తలగుడ్డ వైపు చూసి, "మీకెందుకు పెద్దమ్మా కీబోర్డు? అది చదువుకున్నవాళ్ళకి. మీకు బొమ్మలు చాలు, వేలితో ఇలా తోసుకుంటూ పోండి" అన్నాడు. వాడు మంచికే చెప్పాడు. అయినా ఇంటికి వచ్చేదాకా ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

ట్యాబే తీసుకుంటాను. కోప్పడకు.

మన్నూబియా


సఫాకిస్,
ఫిబ్రవరి 14.

అక్కా,

గొంతు పంపొద్దు. నాకు అక్కర్లేదు.

ఇక్కడ ఇంట్లో గోల ఎక్కువ, వినే తీరిక ఉండదు. పైగా గొంతు గాలిలో పోతుంది, రాత ఉంటుంది. నువ్వు పంపిన ఉత్తరాలన్నీ బీరువాలో ఉన్నాయి, గొంతును ఏ బీరువాలో పెట్టుకోను?

జొహ్రా విషయం. లైను బాగాలేదు అక్కా. నేను వేరే ఏదో విన్నాను. నీ ఉత్తరం చదివాక ఆవిడ కోసం ఆ పొద్దంతా ఏడ్చాను. నన్ను మన్నించు.

ఆ కొట్టువాడి పేరు కనుక్కుని ఉంచు, ఎప్పుడైనా అక్కడికి వచ్చినప్పుడు నేను మాట్లాడతాను.

నీకు చేతనవుతుందని నిరూపిస్తాను. ఇందులో ఒక అట్ట పెట్టాను. నా క్లాసులో మొదటి పది రోజులూ ఇదే పద్ధతి. అక్షరం చూపించను, స్థానం మాత్రమే చెప్తాను. అక్షరాల వరసలు మూడు: ఒకటి, రెండు, మూడు. ఏ చెయ్యి, ఏ వేలు అన్నది అంకెల్లో రాశాను. చేతుల మీద గుడ్డ కప్పుకో. మీ సంఘం ఆఫీసులో కంప్యూటర్ ఉంది కదా, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు అడుగు. అట్ట మీద ఉన్నది ఒకటే వాక్యం. దాన్ని ముప్ఫైసార్లు కొట్టి, కాగితం మీద అచ్చు తీయించి నాకు పంపు. ఆ వాక్యం ఏమిటో నేను చెప్పను, తెర మీద నువ్వే చూస్తావు.

తర్వాత కూడా ట్యాబే కావాలంటే నోరు మూసుకుంటాను.

షెద్లియా


కైరవాన్,
మార్చి 8.

నా గురువైన చెల్లెలికి, గులాబీ అత్తరు చల్లిన సలాములు.

రంజాన్ నెల కదా, మధ్యాహ్నం వంట పని ఉండదు. పన్నెండు రోజులు ఆఫీసులో కూర్చున్నాను. వసీలా నీ అట్ట పట్టుకుని, పూర్వం మగ్గం దగ్గర జొహ్రా రంగులు పిలిచినట్టు అంకెలు పిలిచేది: "ఒకటో వరస, కుడి, ఉంగరం వేలు. రెండో వరస, ఎడమ, చూపుడు వేలు." నేను గుడ్డ కింద వేళ్ళు నడిపించాను. మొదటి రోజు వేళ్ళు మొండికేశాయి. మూడో రోజుకి దారి తెలిసింది. పదో రోజుకి వసీలా పిలవకముందే వెళ్ళి కూర్చుంటున్నాయి.

ముప్ఫై వరసలు, ఇదిగో. ఆఫీసు గుమాస్తా అచ్చు తీసి ఇస్తూ చాలాసేపు ఆ కాగితం వైపు చూసి నవ్వాడు. మొదటి వరసకీ ముప్ఫయ్యో వరసకీ వెంట్రుక వాసి తేడా లేదు, కావాలంటే ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకో. సంఘంలో అందరికీ చూపించాను. "అక్క వేళ్ళు అక్క వేళ్ళే" అన్నారు. నాకే నా మీద ముచ్చటేసింది షెద్లియా, దాచుకోవడమెందుకు.

వాక్యం చాలా బాగుంది.

మన్నూబియా


(అదే కవరులో, మడిచిన చిన్న కాగితం)

షెద్లియా గారికి,

మీరు నన్ను చూడలేదు. నా పేరు దలెందా. మీ అక్కగారి ఎదురింట్లో బట్టలు కుడతాను. ఈ చీటీ ఆవిడకి తెలియకుండా పెడుతున్నాను.

పదకొండేళ్ళుగా మీకు వస్తున్న ఉత్తరాలు రాసేది నేనే. మల్లెమొగ్గలు నావి. మీ ఉత్తరాలు చదివి వినిపించేదీ నేనే. మీ అక్కగారికి అంకెలు తప్ప ఒక్క అక్షరం రాదు. ఈ సంగతి మీకు తెలియకూడదని ఖురాను మీద నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఈ వేళ ఆ ఒట్టు తప్పుతున్నాను, దేవుడు నన్ను క్షమించుగాక.

ఆ ముప్ఫై వరసల కాగితం చూడండి. అందులో ఒక్క మాటకీ అర్థం లేదు. ఆవిడకి తెలియదు. దాన్ని బురఖా మడతలో పెట్టుకుని ఊరంతా చూపించారు. నాకు చెప్పడానికి నోరు రాలేదు. "వాక్యం చాలా బాగుంది అని రాయి" అన్నారు, అలాగే రాశాను.

మీరు నవ్వకండి. అదొక్కటే అడుగుతున్నాను.

దలెందా


సఫాకిస్,
మార్చి 27.

అక్కా,

నీ కాగితాన్ని మూడు రోజులు నా ముందు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టే ఒక వరస మీద ఇంకో వరస పెట్టి, కిటికీ వెలుగులో చూశాను. ముప్ఫై వరసల్లో ఒక్క వేలు కూడా దారి తప్పలేదు. నా చేతికింద రెండువేల మందికి పైగా నేర్చుకున్నారు. మొదటి పన్నెండు రోజుల్లో ఇలా కొట్టిన మనిషి ఇంకొకరు లేరు. నీ చెల్లెలిగా కాదు, టీచరుగా చెప్తున్నాను.

తప్పు ఒకటి జరిగింది, అది నాది. ఒకటో వరస అని నేను పై వరసను అన్నాను. తివాచీ కిందనుంచి పైకి పెరుగుతుందన్న సంగతి నాకు తట్టలేదు. యాభై ఏళ్ళు మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఒకటో వరస అంటే కింది వరసే కదా. మగ్గం నీడలో పెరిగినదాన్ని, అట్ట మీద ఒక బాణం గుర్తు వెయ్యాలన్న ఇంగితం లేకపోయింది. అందువల్ల పైవి కిందికీ, కిందివి పైకీ మారాయి. కొట్టాల్సిన వాక్యం ఇది: ఈ చేతులు యాభై ఏళ్ళు నేశాయి.

ఇప్పుడు నేను నీ దగ్గర ఒకటి ఒప్పుకోవాలి. శంఖం అని రాశావు చూడు, ఆ మాట నిజం. నాకు చెవులు పోయాయి అక్కా. మూడేళ్ళయింది, నీ దగ్గరికి రావడం మానేసిందీ అందుకే. ఒకే గదిలో ముప్ఫై మిషన్లు ముప్ఫై ఏళ్ళు మోగితే ఇంతకన్నా ఏమవుతుందని డాక్టరు అన్నాడు. చెవిలో పెట్టుకునే మిషన్ కూడా పెట్టి చూశారు, గాలి హోరు తప్ప ఏమీ రాలేదు. టీవీ గట్టిగా పెడతాడని మా ఆయన్ని తిట్టేదాన్ని, ఇప్పుడు ఆయనే నాకు సైగలు చేసి బతుకుతున్నాడు. ఫోన్లో నువ్వన్నది ఆయన విని సైగ చేస్తే నేను బదులు చెప్పేదాన్ని. పండగ రోజు ఆయన వాకిట్లో ఉన్నాడు. నువ్వు పండగ శుభాకాంక్షలు చెప్తున్నావనుకుని నాకు తోచింది అనేశాను. జొహ్రా సంగతి అలా జరిగింది. ల్యాప్‌టాప్ తీసుకోమని నీ వెంట పడ్డది కూడా అందుకే. నీ గొంతు నాకు ఇక రాదు. నీ రాత ఒక్కటే వస్తుంది. చెప్పడానికి సిగ్గేసింది.

అంతా చెప్పాను కాబట్టి ఇంకో మాట. నీకు ఇష్టమైంది తీసుకో. ట్యాబే తీసుకో. నువ్వు నేసినవాటి ఫోటోలు పంపు, నేను చూస్తాను. కళ్ళున్నాయిగా. మనకి అంతే చాలు.

ఈ ఉత్తరం చదివే కళ్ళకు కూడా నా సలాములు.

షెద్లియా


కైరవాన్,
ఏప్రిల్ 19.

షెద్లియా,

నేనెట్లా అంటే అట్లాగే రాయమని దలెందాని కూర్చోబెట్టాను. ఒక్క పువ్వు పెట్టినా కాగితం చింపేస్తానన్నాను. మూతి ముడుచుకుని రాస్తోంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. చెవుల దగ్గర ఆగి, తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ తర్వాత నీ అట్ట సంగతి ఆలోచించాను. ముప్ఫై వరసలూ అర్థం లేనివైతే, అది నా కళ్ళకి ఎందుకు కనబడలేదని నువ్వు అడగాలి కదా. ఒక్క మాట అడగలేదు. నువ్వు ఊరుకునే రకం కాదు, ఆవలిస్తే పేగులు లెక్కపెడతావు. అడగలేదు కాబట్టే నీకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. ఎలా తెలిసిందో కూడా తెలుసు. ఇక్కడొకతి తల వంచుకుని రాస్తూ చెమటలు కక్కుతోంది. దాన్ని ఏమీ అనలేదులే.

అవును. నాకు చదువు రాదు. చిన్నప్పుడు నువ్వు పలక తెచ్చి "చదువు అక్కా" అంటే, "నా చేతులు ఖాళీగా లేవు, నువ్వే చదివి వినిపించు" అనేదాన్ని. నా చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి కావు, అందుకని ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. నీ పెళ్ళైన కొత్తలో పోస్టాఫీసు మెట్ల మీది రాతగాడి దగ్గరికి వెళ్ళాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. రాత మారిందేమని ఓసారి అడిగావు. వేలికి సూది గుచ్చుకుందని రాయించాను. ట్యాబ్ అడిగిందీ అందుకే. అందులో రాసే పని లేదు కదా, నీ దగ్గర నా పరువు దక్కుతుందనుకున్నాను.

నిన్న సంఘంలో నా పండగ చేశారు. తివాచీలు పరిచారు, పైన్ గింజలేసి టీ ఇచ్చారు. అధ్యక్షురాలు అందరి ముందూ లేచి, "మన్నూబియా అక్క ఏది కోరుకుందో ఇప్పుడే చెప్పాలి" అంది. టేబుల్ మీద రెండు పెట్టెలూ పెట్టి ఉంచారు, వద్దన్నది కొట్టుకి తిరిగి పంపేస్తారట. నేను లేచి ల్యాప్‌టాప్ అన్నాను. వెనకనుంచి ఎవరో, "అక్షరం ముక్క రాకుండా దాంతో ఏం చేస్తావే" అన్నారు. కొందరు నవ్వారు.

"పన్నెండో ఏట ఇక్కడికి వచ్చినప్పుడు నాకు ముడి వెయ్యడం వచ్చా?" అన్నాను. "రాదు. నేర్చుకున్నాను. ఇదీ అంతే. నా చెల్లెలికి చెవులు లేవు, కాబట్టి నాకు అక్షరాలు కావాలి."

 వసీలా పెళ్ళిలో అరిచినట్టు నాలుక ఆడించి గట్టిగా కూత పెట్టింది.

మార్కెట్ వెనకాల ఆడవాళ్ళ హాలులో వారానికి మూడు రోజులు పెద్దవాళ్ళకి చదువు చెప్తున్నారు. రేపట్నుంచి వెళ్తున్నాను. అందరికంటే పెద్దదాన్ని నేనేనట. ఆ కుర్రాడి కొట్టు ముందు నుంచే వెళ్ళాలి. వెళ్తాను.

మన్నూబియా


సఫాకిస్,
మే 6.

అక్కా,

ఈ ఉత్తరం పెద్ద అక్షరాలతో రాశాను. మాటకీ మాటకీ మధ్య చోటు వదిలాను.

దలెందాకి ఇవ్వకు. ఎవరికీ ఇవ్వకు. నీకు చదవడం వచ్చినప్పుడు చదువు. ఎన్నాళ్ళైనా సరే. నేను ఆగుతాను.

ఒక మాట అడగాలి. మూడో మనిషి ఉండగా అడగలేను.

నా చదువు నీ మగ్గం మీద నడిచింది. నేను టీచరు అయ్యాను. ముప్ఫై ఏళ్ళు ఆ బడిలో ఉన్నాను. నువ్వు ఒక్కసారి కూడా నన్ను చూడడానికి అక్కడికి రాలేదు. నా ఉద్యోగం గురించి ఏ ఉత్తరంలోనూ ఒక్క మాట అనలేదు.

నీకు నా మీద కోపమా?

షెద్లియా


కైరవాన్,
డిసెంబర్ 12.

షెద్లియా,

ఇది నేనే కొడుతున్నాను. చేతుల మీద గుడ్డ ఉంది. తెర మాత్రం చూస్తున్నాను. మా ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. తలుపు వేసుకున్నాను.

నీ ఉత్తరం ఏడు నెలలు బియ్యం డబ్బాలో ఉంది. ఇది నేనే చదవాలని విప్పలేదు. దలెందా రోజూ అడిగేది. ఇవ్వలేదు. నిన్న విప్పాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం నమాజు వేళకి అయింది. నేనే చదివాను. మొత్తం చదివాను.

నీకు జవాబు.

నేను వచ్చాను.

నువ్వు ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. సఫాకిస్‌లో ఒక తివాచీ అప్పగించాలి. బస్సు ఎక్కి వచ్చాను. నీ బడి ఎక్కడని అడుగుతూ వచ్చాను. లోపల చాలా తలుపులు ఉన్నాయి. తలుపుల మీద పేర్లు ఉన్నాయి. నాకు చదవడం రాదు. ఎవరినైనా అడిగితే నా సంగతి నీ దగ్గర చదివే పిల్లలకి తెలుస్తుంది. నీకు తలవంపు. అందుకని వెనక వీధిలోకి వెళ్ళాను. మిషన్ల చప్పుడు వినబడింది. ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను.

నువ్వు ముందు నిలబడి ఉన్నావు. నీలం కోటు వేసుకున్నావు. ముప్ఫై మిషన్లు మోగుతున్నాయి. నువ్వు ఒక చెయ్యి పైకి ఎత్తావు. ముప్ఫై మిషన్లూ ఒక్కసారి ఆగిపోయాయి. నేను అలాంటిది ఎక్కడా చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. 

వీధిలో వేయించిన శనగలు అమ్మేవాడు ఉన్నాడు. నన్ను చూసి, "ఆ టీచరమ్మ మీకేమవుతుంది?" అన్నాడు.

నేను తెలియదు అన్నాను. నీకు దిష్టి తగులుతుంది అని భయం. అంత గొప్పదాన్ని నాది అని పరాయివాడి ముందు ఎలా అనను? ఉత్తరంలోనూ అందుకే రాయించలేదు. రాసేవాళ్ళ కళ్ళు పడతాయి. ఇంటికి వచ్చేదాకా బస్సులో నవ్వుకుంటూనే ఉన్నాను. పక్కన కూర్చున్నావిడ నాకు పిచ్చి అనుకుంది.

కోపం కాదు. ఎప్పుడూ కాదు.

ఇప్పుడు మూడో మనిషి లేరు. ఆ శనగలవాడికి ఇవాళ చెప్తున్నాను. ఆవిడ నా చెల్లెలు.

మన్నూబియా